మడమ నొప్పి నెలల తరబడి వదలట్లేదా? పిక్కకు పని చెప్పండి

"పొద్దున్న మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. సాయంత్రానికి మళ్లీ మామూలే."

"మడమ వెనక నరం పట్టేసింది. పరుగు మానేసి నెల దాటింది. తగ్గింది కదా అని మొదలెట్టగానే మళ్లీ మొదటికొచ్చింది."

అటూ ఇటూగా అందరూ అడిగేవి ఈ రెండే. ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లకు ఇంకో కంగారు కూడా ఉంటుంది: "మడమ దగ్గర ఎముక పెరిగిందన్నారు, కోసి తీసేయాలా?" దానికి ముందే చెప్పేస్తాను. ఆ పెరిగిన ఎముక ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి కనిపిస్తుంది. ఎక్స్‌రేలో అది ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ దాకా ఆలోచించక్కర్లేదు.

మిగతా ఇద్దరికీ చెప్పేది ఒకటే. నెలల తరబడి సాగిన మడమ నొప్పి విశ్రాంతితో తగ్గినట్టే ఉంటుంది కానీ పోదు. పిక్క కండరాన్ని మడమకు కట్టి ఉంచే అకిలిస్ టెండన్, అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా పరుచుకున్న ప్లాంటార్ ఫేసియా, రెండూ బరువు మోస్తేనే గట్టిపడే రకం. వాటి మీద బరువు కొలిచి వేయాలి, మెల్లగా పెంచాలి, కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి. అది ఎలా చేయాలో కింద ఉంది.

ముందు ఈ లక్షణాలు ఉన్నాయేమో చూసుకోండి

వీటిలో ఏది ఉన్నా వ్యాయామాలు మొదలెట్టకండి, డాక్టరుకు చూపించుకోండి.

- ఆడుతుండగానో పరుగెత్తుతుండగానో వెనక నుంచి ఎవరో తన్నినట్టయి, 'టప్' మని శబ్దం వచ్చి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. మంచం మీద బోర్లా పడుకుని, పాదాలు అంచు బయటికి వేలాడేలా పెట్టి, ఇంట్లో ఒకరిని పిక్క గట్టిగా పిసకమనండి. బాగున్న కాలిలో పాదం కిందికి కదులుతుంది. దెబ్బ తగిలిన కాలిలో కదలకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. "నడవగలుగుతున్నా కదా, తెగి ఉండదులే" అనుకోవద్దు. తెగినా కుంటుతూ నడిచేవాళ్లు ఉంటారు.
- మడమను రెండు అరచేతుల మధ్య పెట్టి పక్కల నుంచి నొక్కితే భరించలేనంత నొప్పి వస్తే, అదీ ఈమధ్యే పరుగో నడకో ఒక్కసారిగా పెంచినవాళ్లకైతే, ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు.
- కదలకుండా పడుకున్నా రాత్రంతా సలుపు, వాపు, ఎరుపు, జ్వరం.
- రెండు మడమలూ నొప్పి, దాంతోపాటు పొద్దున్నే నడుం బిగుసుకుపోయి అరగంట దాటినా వదలకపోవడం. ముఖ్యంగా నలభై లోపు వాళ్లయితే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవాలి.
- రెండు కాళ్ల వెనక టెండన్లూ గడ్డకట్టినట్టు లావెక్కడం. ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లుంటే కొలెస్ట్రాల్ పరీక్ష తప్పనిసరి.
- షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, పుండు ఉన్నవాళ్లు.

ఇంకొకటి, మనవాళ్లు ఎవరూ పట్టించుకోనిది. విరోచనాలకో మూత్రంలో మంటకో మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ మింగేయడం మామూలైపోయింది. ఈ రకం యాంటీబయాటిక్స్ అకిలిస్ టెండన్‌ను దెబ్బతీయొచ్చు, తెగేలా కూడా చేయొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వీటి పెట్టెల మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అరవై దాటినవాళ్లకూ, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకూ ప్రమాదం ఎక్కువ. మీ నొప్పి ఆ మందు వాడుతున్నప్పుడో, వాడిన కొద్ది రోజులకో మొదలైతే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి.

కావలసినవి

గట్టి మెట్టు ఒకటి, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదా గోడ. ఒక తువ్వాలు. స్కూలు బ్యాగు, అందులో బరువుకు నీళ్ల సీసాలు (లీటరు నీళ్లంటే కిలో), తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి. మడమ కింద మెత్తగా ఉండే చెప్పులు. ఒక నోటు పుస్తకం. జిమ్ అక్కర్లేదు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, మడమ వెనక నొప్పి ఉన్నవాళ్లకు రెండు పూటలా కలిపి కాస్త ఎక్కువ పడుతుంది.

1. నొప్పి సరిగ్గా ఎక్కడో వేలు పెట్టి చూడండి

"మడమ నొప్పి" అంటే చాలదు. కుర్చీలో కూర్చుని, ఆ కాలు రెండో మోకాలి మీద వేసుకుని, బొటనవేలితో నొక్కుతూ వెతకండి. మూడు చోట్లలో ఒకటి తేలుతుంది.

కింది నొప్పి: అరికాలి వైపు, మడమ ఎముక ముందు భాగంలో, లోపలి అంచున. పొద్దున్న మొదటి అడుగులు, చాలాసేపు కూర్చుని లేచిన అడుగులు దారుణంగా ఉంటాయి. ఇది ప్లాంటార్ ఫేసియా.

పై నొప్పి: వెనకవైపు, మడమ ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన. రెండు వేళ్లతో చిటికెలా పట్టి నొక్కితే కలుక్కుమంటుంది, కొందరికి అక్కడ టెండన్ కాస్త లావుగా తగులుతుంది.

అతుకు నొప్పి: టెండన్ మడమ ఎముకకు అతుక్కునే చోటే. షూ వెనక అంచు ఒరుసుకునేది అక్కడే.

పై నొప్పి, అతుకు నొప్పి పక్కపక్కనే ఉన్నా చేయాల్సింది వేరు. పై నొప్పికి మేలు చేసే వ్యాయామం అతుకు నొప్పిని రేపుతుంది. అందుకే తొందరపడి దీన్ని దాటేయకండి. నొప్పి బదులు మంట, తిమ్మిరి, వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు పాకడం ఉంటే అది నరం పని కావచ్చు, ఈ పద్ధతి దానికి కాదు.

2. రెండు వారాలు భారం తగ్గించండి, మానేయకండి

పరుగు, గెంతులు, షటిల్ ఆపండి. నడక ఆపొద్దు, నొప్పి మరీ పెరగనంత దూరం నడవండి. ఈత, సైకిల్ బాగుంటాయి.

అరిగిపోయిన హవాయి చెప్పులు పక్కన పెట్టండి. చెప్పును బల్ల మీద పెట్టి కంటి ఎత్తులో వెనక నుంచి చూడండి. మడమ దగ్గర ఒకవైపు కుంగి అటు వాలిపోయి ఉంటే దాని పనైపోయినట్టే. సర్జికల్ షాపుల్లో దొరికే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు కింది నొప్పికి సాయం చేస్తాయి, ఖరీదూ మరీ ఎక్కువ కాదు. పై నొప్పికీ అతుకు నొప్పికీ మడమ కింద సెంటీమీటరు ఎత్తున్న సిలికాన్ ప్యాడ్ పెట్టుకోండి, రెండు కాళ్లకూ.

ఇంట్లో గ్రానైటు, టైల్స్ మీద ఉత్త కాళ్లతో నిలబడి వంట చేసేవాళ్లకు కింది నొప్పి తగ్గడం కష్టం. ఇంట్లోకి వేరే మెత్తటి చెప్పులు కొనుక్కోండి. అలవాటు లేదంటారా, కనీసం పొయ్యి దగ్గర దళసరి మ్యాట్ వేసుకోండి. అయ్యప్ప మాలలో మండలం పాటు చెప్పుల్లేకుండా ఉండేవాళ్లు నొప్పి ఉన్న ఏడాది ఏం చేయాలన్నది గురుస్వామితో మాట్లాడుకోండి, ఇంట్లో, పడిపూజ దగ్గర నిలబడేచోట మ్యాట్ మాత్రం వేసుకోండి.

అతుకు నొప్పివాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. గొంతుక్కూర్చున్నప్పుడు చీలమండ పూర్తిగా వంగి, టెండన్ మడమ ఎముక మీద ఒత్తుకుంటుంది. కొన్నాళ్లు వెస్టర్న్ కమోడ్ వాడండి. బట్టలు ఉతకడం, కూరగాయలు తరగడం పీట మీదో స్టూలు మీదో కానివ్వండి.

3. కింది నొప్పికి: మంచం దిగకముందే

కళ్లు తెరిచాక కాలు నేల మీద పెట్టకండి. మంచం మీదే కూర్చుని, కాలు రెండో మోకాలి మీద వేసుకుని, చేత్తో అయిదు కాలి వేళ్లనూ పట్టి, మోకాలి కింద కాలి ముందుండే ఎముక వైపు వెనక్కి లాగండి. రెండో చేత్తో అరికాలు తడిమితే లోపల తీగలా బిగుసుకున్నది తగలాలి. తగల్లేదంటే చాలినంత లాగలేదన్నమాట. పది సెకన్లు పట్టి వదలండి, అలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు. మొదటిది మాత్రం మంచం మీదే, ఆ తర్వాత వెంటనే చెప్పుల్లోకి.

ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం హాయిగా ఉంటుంది. చేసుకోండి, కానీ వైద్యం అదే అనుకోకండి.

4. అసలు పని: మడమలెత్తడం

*కింది నొప్పికి.* తువ్వాలును గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టండి. కాలి వేళ్లు ఆ చుట్ట మీద పైకి వంగి ఉండేలా, మడమ మెట్టు బయట ఉండేలా నిలబడండి. నొప్పి ఉన్న ఒక్క కాలి మీద మడమ పైకెత్తడానికి మూడు సెకన్లు, పైన రెండు సెకన్లు ఆగడం, దిగడానికి మూడు సెకన్లు. పన్నెండుసార్లకు కాలు ఇక లేవనంటే బరువు సరిపోయినట్టు. మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు వారాల తర్వాత బరువు పెంచి పది చొప్పున నాలుగు విడతలు, నాలుగు వారాలయ్యాక ఇంకా పెంచి ఎనిమిది చొప్పున ఐదు. 2014లో డెన్మార్కులో ఈ పద్ధతిని సాగదీతతో పోల్చి చూస్తే, మూడు నెలల దగ్గర ఇదే మెరుగ్గా నిలిచింది. ఒంటికాలి మీద లేవలేనివాళ్లు రెండు కాళ్లతో మొదలెట్టండి.

*పై నొప్పికి.* మెట్టు అంచున పాదం ముందు భాగం ఆనించి, రెండు కాళ్లతో పైకి లేవండి. బరువంతా నొప్పి కాలి మీదికి మార్చండి. ఆ ఒక్క కాలితో మెల్లగా మెట్టు కన్నా కిందికి దిగండి. మళ్లీ లేవడం రెండు కాళ్లతోనే. మోకాలు నిటారుగా పదిహేను చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మరో మూడు. పొద్దున్న, సాయంత్రం. పన్నెండు వారాలు. లెక్కేస్తే రోజుకు నూట ఎనభై.

దీన్ని 1998లో ప్రచురించింది స్వీడన్‌లోని ఉమియో నగరపు సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్. తన టెండన్‌కు ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. అయితే తెగేదాకా పని చెప్తా, అప్పుడైనా చేస్తారు కదా అని మొండిగా బరువులు మోస్తే నొప్పే పోయిందని చెబుతారు. నిజమెంతో కానీ కథ బాగుంది.

రోజూ రెండు పూటలా కుదరదంటే ఇంకో దారి ఉంది. వారానికి మూడు రోజులు మాత్రమే, ఎక్కువ బరువుతో, ఎక్కడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు సెకన్లు. రెండింటినీ పోల్చినప్పుడు ఫలితం దాదాపు సమానంగానే వచ్చింది. ఉద్యోగం, పిల్లలు, ప్రయాణాలు ఉన్నవాళ్లకు నేను రెండోదే చెబుతాను. చేయగలిగిందే మంచి వ్యాయామం.

*అతుకు నొప్పికి.* మెట్టు వద్దు. చదునైన నేల మీదే మడమలెత్తి దించండి, మడమ నేల కన్నా కిందికి పోకూడదు. విడతలు, లెక్క పై నొప్పికి చెప్పినట్టే. గోడకు చేతులానించి పిక్కను సాగదీసే వ్యాయామం మీకు పనికిరాదు. అందరూ చెప్పేది అదే, మీకు నష్టం చేసేదీ అదే.

తప్పుగా చేస్తే ఎలా ఉంటుంది

మొదటి ఐదారుసార్లు అందరూ బాగానే చేస్తారు. ఎనిమిదోసారి దగ్గర మొదలవుతుంది. మడమ బయటికి తిరిగి బరువు చిటికెన వేలి వైపు జారుతుంది. మోకాలు చిన్నగా వంగి, ఆ ఊపుతో పైకి లేస్తారు. రెయిలింగ్ మీద ఊరికే ఆనాల్సిన చెయ్యి గట్టిగా గుంజుతుంటుంది. దిగేటప్పుడు మూడు సెకన్లు కాస్తా ఒక్కటై, మడమ ధబ్‌మని పడుతుంది. మనకు మాత్రం అన్నీ సరిగ్గానే చేస్తున్నట్టు ఉంటుంది. ఫోను వెనక నేల మీద ఆనించి వీడియో తీసుకుని చూడండి. బరువు బొటనవేలు, రెండో వేలి మొదళ్ల మీద పడాలి. రెయిలింగ్‌ను రెండు వేళ్లతో మాత్రమే తాకండి.

5. మర్నాటి పొద్దునే పరీక్ష

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులేసుకోండి. వ్యాయామం చేస్తుంటే ఐదు దాకా వచ్చినా పర్వాలేదు. మర్నాడు పొద్దున్న అది మామూలు స్థాయికి దిగిపోవాలి. వారం వారానికి పెరగకూడదు. ఈ మూడూ సరిగ్గా ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు.

పొద్దున్నకు పెరిగితే మానేయకండి. బరువు సగానికి దించండి, విడతలు ఒకటి తగ్గించండి, రెండు రోజులు చూసి మళ్లీ పెంచండి. నొప్పి అసలే తెలియకపోతే బరువు చాలట్లేదు. బ్యాగులో రెండు కిలోలు వేయండి.

మొదటి రెండు మూడు వారాలు నొప్పి కాస్త పెరిగినట్టే ఉంటుంది. సగం మంది వదిలేసేది ఇక్కడే.

6. పరుగుకూ, కొండకూ తిరిగి వెళ్లడం

అరగంట చురుగ్గా నడిచినా మర్నాటి పొద్దున పరీక్ష పాసైతే పరుగు మొదలెట్టొచ్చు. నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాల నడక, ఇరవై నిమిషాలు. రోజు విడిచి రోజే. ముందు సమయం పెంచండి, ఆ తర్వాతే వేగం, ఎత్తులు ఎక్కడం అన్నిటికన్నా చివర. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే కుర్రాళ్లు నోటిఫికేషన్ రాగానే రోజూ 1600 మీటర్లూ ఫుల్ స్పీడులో తీసి టెండన్‌ను పాడు చేసుకుంటారు. వారానికి ఒక్కరోజు గడియారం పెట్టి తీయండి, మిగతా రోజులు మెల్లగా.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. మునివేళ్ల మీద ఎక్కితే ప్రతి మెట్టుకూ మడమ వేలాడుతుంది, అతుకు నొప్పికి అది విషం. పాదం మొత్తం మెట్టు మీద ఆనించి ఎక్కండి. అరుణాచల గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా. నొప్పి తగ్గుతున్న దశలో అది వద్దు. మొక్కు ఉంటే వాయిదా వేయండి, లేదా ముందు రెండు నెలలు నడక దూరాన్ని మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి.

7. ఫలితం ఎలా తెలుస్తుంది

నొప్పి ఒక్కదాన్నే నమ్మకండి, అది రోజుకో రకంగా ఉంటుంది. పుస్తకంలో వారానికోసారి, ఒకే రోజున, రెండే రాయండి: పొద్దున్న మొదటి పది అడుగులకు ఎన్ని మార్కులు, ఒంటికాలి మీద చదునైన నేలపై ఎన్నిసార్లు మడమ పూర్తిగా ఎత్తగలిగారు. రెండు కాళ్లకూ విడివిడిగా లెక్కేయండి. నొప్పి కాలి లెక్క మంచి కాలి లెక్కను అందుకునేదాకా పని పూర్తయినట్టు కాదు, నొప్పి ముందే పోయినా సరే. నొప్పి పోయింది కదా అని ఆరో వారంలో ఆపేసి, మూడు నెలలకు మళ్లీ వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత వారానికి రెండు రోజులు కొనసాగించండి.

మళ్లీ మళ్లీ అడిగేవి

*ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?* అకిలిస్ టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు, తెగే ప్రమాదం ఉంది. అరికాలి మడమలోకి ఇస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, ఆ హాయిలో వ్యాయామం మానేస్తారు, నొప్పి తిరిగొస్తుంది. పదే పదే చేయిస్తే మడమ కింద కొవ్వు మెత్త పలచబడొచ్చు, ఫేసియా తెగొచ్చు.

*ఇటుక కాల్చి, జిల్లేడు ఆకు వేసి మడమ ఆనించమంటున్నారు.* వేడితో ఆ కాసేపు సుఖంగా ఉంటుంది, అంతే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ జోలికే పోవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్నట్టు తెలియదు, పొద్దున్నకు బొబ్బ లేస్తుంది, అది పుండవుతుంది.

*నొప్పి మాత్రలు?* మరీ బాధగా ఉన్న రెండు మూడు రోజులకు, డాక్టరును అడిగి. మాత్ర వేసుకుని వ్యాయామం చేస్తే మార్కులు తప్పుగా పడతాయి. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లు సొంతంగా అసలు వేసుకోకండి.

*ఫిజియోథెరపీ సెంటర్లో రోజూ మెషీన్లు పెడుతున్నారు, సరిపోదా?* పడుకోబెట్టి మెషీను పెట్టి పంపేస్తుంటే, మడమలెత్తే వ్యాయామం నేర్పించమని మీరే అడగండి. నేర్పరంటే సెంటర్ మార్చండి.

*మూడు నెలలు సరిగ్గా చేసినా మార్పు లేదు.* ముందు 1వ అంచెకు వెళ్లి నొప్పి చోటు మళ్లీ చూడండి, అతుకు నొప్పికి మెట్టు వాడి ఉంటే కారణం అదే. అది కాదంటే ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి, నోటు పుస్తకం తీసుకెళ్లండి. ఏ వారం ఎంత బరువు, పొద్దున్న ఎన్ని మార్కులు అని రాసి ఉంటే ఆయనకు పని సులువు. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో టెండన్ ఎంత లావైందో, చిరిగిందో తెలుస్తుంది. షాక్‌వేవ్ చికిత్స (నొప్పి చోట బయటి నుంచి మెషీనుతో శబ్ద తరంగాలు పంపడం) ఆ దశలో ఆలోచించదగినదే, వ్యాయామానికి తోడుగా. ఆపరేషన్ మాట ఆరు నెలలు దాటాకే ఎత్తండి.